ఒడిలో చేతులు

టోర్బోర్గ్ పోయి పదకొండేళ్ళు.
ఈ ఉదయం నా తెర మీద
కుడిచెయ్యి ఎత్తబోతోంది.

కొక్కోలా ఊళ్ళో, చేపల గోదాము పైన,
బధిరుల సంఘం వాళ్ళ మేడగది.
అటక మీంచి దించిన పెట్టెలో నలభై వీడియో టేపులు,
ఒక్కోదాని మీద పెన్సిలుతో ఒక్కో ఏడు.
వాటిలోంచి ఒక్కో సైగా కత్తిరించి
నిఘంటువుకి కదిలే బొమ్మలు చెయ్యాలి.
జీతం తక్కువే. కాఫీకి లెక్క లేదు.

ఈ బొమ్మలకి శబ్దం ఉండదు.
బయట అదో లోటంటారు.
ఇక్కడ ఆ సంగతెత్తితే
ముసలి వెస్టెర్లుండ్ భుజాలు కదిలేలా నవ్వుతాడు.

సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు.
ఒకటి ఉంచి ఒకటి పారబోస్తాను,
బియ్యంలోంచి బియ్యమే ఏరినట్టు.
రంగులు రెండు వందల యాభై ఆరు దాటకూడదు.
ఆమె ఎర్ర స్వెటరు సరేనంది.
వెనక కిటికీలో మార్చి సాయంత్రం వినలేదు:
నీలం మెట్లు మెట్లుగా విరిగి
చుక్కలై రాలింది.

అసలు పని అతుకు దగ్గర.
చివరి ఫ్రేము మొదటి ఫ్రేములోకి
దొంగపిల్లిలా నడిచిపోవాలి.
చేతులు ఒడిలోంచి లేచి
మాట చెప్పి
ఎక్కడ లేచాయో అక్కడికే దిగాలి.
మనిషి చేతులు గానుగెద్దులా తిరగవు.
బొటనవేలు ఒకసారి లోపల, ఒకసారి బయట.
పైగా ఆ చివర ఎవరో తలుపు తీశారు.
ఆమె అటు చూసింది, నవ్వు మొదలైంది.
నవ్వు నిఘంటువుకి అక్కర్లేదు.
కోసేశాను.

మూడు రోజులకి కుదిరింది.
వేచి ఉండు వేచి ఉండు వేచి ఉండు
ఎక్కడ కుట్టానో నాకే కనపడనంత నున్నగా.

గున్నెల్ వచ్చింది, ఆమె చెల్లెలు. ఎనభై మూడేళ్ళు.
మంచు బూట్లు గుమ్మంలో విప్పి
కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది.
చాలాసేపు చూసింది.
మెచ్చుకుంటుందనుకున్నాను.

అబద్ధం, అంది చేత్తో.

నాకొచ్చిన సైగలు అరకొర. నెమ్మదిగా చెప్పింది,
పసిపిల్లకి గోరుముద్ద పెట్టినట్టు.
ఒకసారి అంటే, వేచి ఉండు.
ఆగకుండా తిప్పి తిప్పి అంటే
ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయని.
"మా అక్క ఎవరికోసమూ అంతసేపు కూర్చోలేదు.
పెళ్ళికొడుక్కోసం కూడా.
బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే
నడిచి పోయేది."

నున్నదనమూ తప్పు కావచ్చని
ఇన్నేళ్ళ కత్తెర పనిలో నాకెవరూ చెప్పలేదు.

కుట్టు విప్పాను.
పారేసిన వాటిలోంచి ఒక్క ఫ్రేము వెనక్కి తెచ్చాను:
చేతులు ఒడిలో, ముఖం తలుపు వైపు,
నవ్వు ఇంకా పెదవి మూలనే.
ఏ ఫ్రేము ఎంతసేపు నిలవాలో
రాసే చిన్న గడి ఒకటుంటుంది.
అందులో రెండు సెకన్లు వేశాను.
అంతే.

ఇప్పుడు ఒకసారే అంటుంది.
అని, ఊరుకుంటుంది.
మాట అయిపోయాక మిగిలే మనిషి
రెండు సెకన్లు అక్కడ కూర్చుని ఉంటుంది.
తర్వాత ముఖం చటుక్కున ఇటు తిరుగుతుంది,
అతుకు గుడ్డివాడికైనా తెలుస్తుంది.
సరిచెయ్యబోతే
గున్నెల్ నా మణికట్టు పట్టుకుంది.

ఆ రోజు తలుపు తీసిందెవరని అడిగాను.
తన గుండె మీద వేలు పెట్టుకుంది.
కాఫీకి పాలు తెమ్మని పంపితే
డబ్బులు మరిచి వెనక్కొచ్చిందట.

బూట్లు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని
మెట్ల దాకా వెళ్ళింది.
మళ్ళీ తలుపు తోసి
తల మాత్రం లోపలికి పెట్టింది.

తెర మీద
అప్పుడే చేతులు ఒడిలోకి దిగుతున్నాయి.